కోస్తే తప్ప ఊడని ముడి

నేను మా నాయనను కొట్టాను. చెయ్యి చాచి, చెంప మీద, నా కూతురు చూస్తుండగా. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. రేపు ఇంకెవరో మీ చెవిలో ఊదితే వినేకంటే నా నోటితోనే వినండి. ఆయనకు అరవై రెండేళ్ళు. నన్ను పెంచిన ఇన్నేళ్ళలో ఒక్క దెబ్బ కూడా వెయ్యని మనిషి. ఇది జరిగి ఏడాదిన్నర అయింది. ఇప్పటికీ, ఈ వాక్యం రాసి, ఈ పని చేసింది నేనేనా అని నోరు తెరుచుకుని కూచున్నాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎలక్ట్రానిక్ సిటీలో మా ఆఫీసు వాకిట్లో నిలబడే సెక్యూరిటీ ఆయనను అడిగినా ఈ మాట చెబుతాడు. కానీ ఇది నా కోపం కథ కాదు, మా నాయన కథ. ఆయన ఎలాంటి మనిషో తెలియకపోతే ఆ రోజు ఆయన చేసింది మీకు ఉత్త పిచ్చిపనిలా కనబడుతుంది. తెలిసినా పిచ్చిపనే అనుకోండి, కానీ ఎందుకు చేశాడో అర్థమవుతుంది.

పేరు రామాంజినప్ప. చిక్కపేటలో ఒక హోల్‌సేల్ చీరల అంగట్లో ప్యాకరు. మొదటి పదేళ్ళు మూటలు మోశాడు. లారీ నుంచి అంగడి మేడ మీదికి, మేడ మీద నుంచి లారీకి. తోపుడుబండి కూడా దూరని ఆ సందుల్లో ఆయన వీపే బండి. తర్వాత ముప్పై ఏళ్ళుగా బేళ్ళు కడుతున్నాడు. చీరల దొంతర పేర్చి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద గోనెపట్టా వేసి, దబ్బనంతో కుట్టి, మోకాలితో అదిమిపట్టి తాడు బిగిస్తాడు. ఆఖరున ఒక ముడి వేస్తాడు. ఆ ముడి చేతులతో ఊడదు. ఊడకూడదు కూడా. ఊడితే దారిలో ఎవడైనా విప్పి, రెండు చీరలు లాగేసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు కట్టేయగలడు.

"వాడు కోసినాడనుకో, తాడు పొట్టిదైతాది. పొట్టి తాడుతో నా మాదిరి ముడి ఎవడేస్తాడమ్మా? అట్ల దొరికిపోతాడు," అని నా చిన్నప్పుడే నాకు వివరించాడు. చదువు చెప్పే అయ్యవారి ముఖంలో ఉండే గాంభీర్యం ఆయన ముఖంలో అప్పుడు చూడాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తాను వేసిన ముడిని ఆయన ఎన్నడూ విప్పలేదు. విప్పే పని అవతలి ఊరి వాళ్ళది. హిందూపురంలోనో కదిరిలోనో బేలు దిగగానే అంగడి యజమాని కత్తి పెట్టి సర్రున కోసేస్తాడు. మా నాయనకు మాత్రం, ముడి వెయ్యగానే మిగిలిన కొస కోసెయ్యడానికి, నడుము బెల్టుకు ఒక చిన్న కత్తి వేలాడుతూ ఉంటుంది. ఇంట్లోనూ అంతే. మా అమ్మ భాగీరథమ్మకు ఆయన మీద ఉన్న ఫిర్యాదులన్నీ ముళ్ళ గురించే. ఊరగాయ జాడీకి గుడ్డ కట్టమంటే కట్టేవాడు. "దీన్ని విప్పేలోపల నాకు ఆకలే చచ్చిపోతాది," అని ఆమె కత్తెర కోసం వెతికేది. చివరికి ప్రతి గదిలో ఒక కత్తెర మేకుకు తగిలించింది.

ఆయన జీవితంలో ఒక గొప్ప సంఘటన ఉంది. దాన్ని మేము కనీసం వందసార్లు విన్నాం. మదనపల్లె దారిలో ఒకసారి లారీ బోల్తా పడింది. ఏడెనిమిది అంగళ్ళ సరుకు వంకలోకి దొర్లింది. మిగతావాళ్ళ బేళ్ళు పగిలి, చీరలన్నీ తుమ్మకంపల మీద పరుచుకున్నాయట. మా నాయన కట్టిన పదకొండు బేళ్ళు మాత్రం ఒక్క పోగు బయటికి రాకుండా పడ్డవి పడ్డట్టే ఉన్నాయట. "బోల్తా పడితే ఏమప్పా? కట్టిందానికి భయం లేదు," అని ఆ కథ ముగించేవాడు. మేము పక్కకు తిరిగి నవ్వుకునేవాళ్ళం. నా భర్త మోహన్‌కుమార్ అయితే ఆఖరి వాక్యం ఆయనతోపాటు పెదవులతో పలికేవాడు.

ఆ మోహన్‌కే కానోల పిచ్చి పట్టింది. కానో అంటే పుట్టి కాదు. పుట్టి గుండ్రంగా ఉంటుంది. ఇది పొడుగ్గా, సన్నగా, రెండు కొసలూ కోసుగా ఉండే పడవ. ముందొకరు వెనకొకరు కూచుని తెడ్డు వెయ్యాలి. మోహన్ నాలుగు ఆదివారాలు ఒక చెరువులో నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక అందరు మగవాళ్ళలాగే తనకు అంతా వచ్చేసిందనుకున్నాడు. కనకపుర దాటి రెండు గంటలు పోతే, అడవి మధ్యలో కావేరి మీద రెండు రోజుల ప్రయాణం చేయించే వాళ్ళున్నారని కనిపెట్టాడు. రెండు ఒడ్డుల వెంటా అడవి, రోడ్డు లేదు, ఫోను సిగ్నలు లేదు. ఒక రాత్రి ఇసుక మీద గుడారాల్లో పడుకుని మర్నాడు కిందకు చేరితే అక్కడ జీపు ఉంటుంది.

మా ఆరేళ్ళ కూతురు చాందిని, తాత వస్తేనే వస్తానని భీష్మించుకుంది. అమ్మ నీళ్ళంటేనే దడ అని రానంది. నాయనకు ఈత రాదు. ఇన్నేళ్ళలో ఉగాదికీ ఆయుధపూజకీ తప్ప సెలవు పెట్టినవాడు కాదు. అలాంటి మనిషి, మనవరాలు అడిగిందని అంగట్లో రెండు రోజులు సెలవు అడిగాడు. ఇంటికొచ్చి, "ఇచ్చినారమ్మా," అని ఆశ్చర్యపోయాడు.

నేను ఆయనకు తడిస్తే వెంటనే ఆరే ట్రాక్ ప్యాంటు కొన్నాను. దానికి బెల్టు ఉండదు. "నా కత్తి యాడ పెట్టుకోవల్ల?" అని అడిగాడు. "పిక్నిక్కుకు కత్తి ఎందుకు నాయనా, ఇంట్లో పెట్టు," అన్నాను. పెట్టాడు.

డిసెంబరు సెలవుల్లో ఒక శుక్రవారం పొద్దున నది ఒడ్డుకు చేరాం. దేవరాజ్ అనే అతను మాకు దారి చూపించేవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఆనేకల్ పక్క ఊరు, మా తెలుగే మాట్లాడతాడు. రెండు కానోలు ఇసుక మీద పెట్టి, లైఫ్ జాకెట్లు తొడిగి, ప్రతి బకిలూ తనే లాగి చూశాడు. చాందినికి నారింజరంగు జాకెట్టు. తర్వాత సామాను వైపు తిరిగాడు.

"బ్యాగులన్నీ పడవకు కట్టాలప్పా. పడవ బోల్తా పడిందనుకో, కట్టనిదంతా గంగ పాలే."

ఆ మాట మా అందరి చెవిలోనూ పడింది. నేను బ్యాగుల గురించే విన్నాను. మోహన్ కూడా బ్యాగుల గురించే విన్నాడు.

దేవరాజ్ ఒక బ్యాగుకు జారుముడి వేసి, కొస లాగి ఊడదీసి చూపించాడు. నాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇది ముడేనా అప్పా? ఇట్ల లాగితే అట్ల వస్తాది. దీనికంటే కట్టకపోయేదే మేలు," అన్నాడు. తాడు లాక్కుని, దేవరాజ్ కత్తి అడిగి తీసుకుని, పది నిమిషాల్లో రెండు పడవల్లో సామానంతా కట్టేశాడు. బియ్యం సంచీ, గుడారాలు, గిన్నెలు. దేవరాజ్ ఒక బ్యాగును రెండు చేతులా పట్టి లాగి, అది కదలకపోతే, "అబ్బా, ఏం చెయ్యప్పా నీది!" అని మెచ్చుకున్నాడు. నాకు లోపల పొంగిపోయింది. మా నాయన పనిని చిక్కపేట బయట ఒకరు మెచ్చుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

దేవరాజ్ కత్తి తిరిగి తీసుకుని తన జాకెట్టుకు దోపుకున్నాడు. ముందు పడవలో వెనక దేవరాజ్, ముందు నేను. వెనక పడవలో వెనక మోహన్, ముందు నాయన, మధ్యలో చాందిని. ఎండ తగలకుండా నాయన తన తువ్వాలు పాప భుజాల చుట్టూ కప్పాడు. మా పడవ నీళ్ళలోకి జారింది. ఇంకా ఒడ్డునే ఉన్న వెనక పడవలోంచి చాందిని అరిచింది.

"అమ్మా! తాత నాకు సీటుబెల్టు పెట్టినాడు!"

కారు ఎక్కిన ప్రతిసారీ ఆ పిల్లకూ నాకూ సీటుబెల్టు దగ్గర యుద్ధమే. "వెరీ గుడ్!" అని నేను తెడ్డు పైకెత్తి ఊపాను. జాకెట్టు బకిలు గురించి అంటోందనుకున్నాను.

పొద్దుటి పూట ఎంత బాగుందంటే, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నీళ్ళు ఆకుపచ్చగా, మెల్లగా పోతున్నాయి. ఒక చోట నీటికుక్కలు తల ఎత్తి మమ్మల్ని చూసి మునిగాయి. నాయన తెడ్డును గరిట తిప్పినట్టు తిప్పుతున్నాడు. మోహన్ "మామా, ఇటువైపు, ఇటువైపు," అని మొత్తుకుంటున్నాడు. పాప పడీపడీ నవ్వుతోంది. మధ్యాహ్నం ఒడ్డుకు ఆగకుండా పడవల్లోనే పులిహోర తిన్నాం. ఆగి ఉంటే పాప దిగాల్సి వచ్చేది. దిగాల్సి వస్తే నేను చూసేదాన్ని.

రెండు గంటలప్పుడు నీళ్ళు రాళ్ళ మధ్య ఉరికే చోటు వచ్చింది. పెద్దదేం కాదు, అరవై గజాలుంటుంది. దేవరాజ్ వెనక్కి తిరిగి, ఏ రాయికి ఎడమగా రావాలో మోహన్‌కు అరిచి చెప్పాడు. మేం ఆ ఉరవడి దాటి, కింద మడుగులో పడవ తిప్పి వాళ్ళ కోసం ఆగాం. వాళ్ళు సగం దూరం బాగానే వచ్చారు. ఆపైన పడవ అడ్డం తిరిగి ఒక నల్లరాయికి తగిలింది. వంగింది. తలకిందులైంది. నేను రెప్ప వేసి తీసేలోపల పడవ అడుగు భాగం ఆకాశం వైపు ఉంది.

మోహన్ నీళ్ళ మీద తేలి మా వైపు కొట్టుకొచ్చాడు. నాయన తల ఆ రాయి పక్కన కనబడింది. నీళ్ళు ఆయన మెడదాకా ఉన్నాయి. చాందిని కనబడలేదు.

జాకెట్టు వేసుకున్న పిల్ల తేలుతుంది. తేలితే నీళ్ళతోపాటు కిందికి వస్తుంది. మా ముగ్గురికీ అదే తెలుసు, అందుకే ముగ్గురం కిందికే చూశాం. నారింజరంగు కోసం మడుగంతా వెతికాను. దేవరాజ్ పడవను కింది వైపుకు తోలాడు. మోహన్ మా పడవ అంచు పట్టుకుని, "పాప యాడ? పాప యాడ?" అని అదే మాట అంటున్నాడు. నా చేతులు తెడ్డు వేస్తూనే ఉన్నాయి, ఎటు వేస్తున్నానో తెలియదు.

పైన రాయి దగ్గర నాయన అరుస్తున్నాడు. నీళ్ళ హోరులో మాటలు వినబడటం లేదు. రక్షించమని అరుస్తున్నాడనుకున్నాను. నాకు ఆయన మీద చిరాకు వచ్చింది. నీకు రాయి ఉంది కదా, పట్టుకుని ఉండు, ముందు నా బిడ్డను వెతకనీ అని మనసులో కసిరాను. ఇది కూడా రాస్తున్నాను. దాచి ఏం చేసుకోను?

అంతలో ఆయన తల మాయమైంది. నేను నాయన కూడా పోయాడనుకున్నాను.

పడవ ఒక పక్క లేచింది.

నీళ్ళతో నిండి, సామానుతో బరువెక్కి, రాయికి అతుక్కుపోయిన పడవ అది. దాని అంచు జానెడు పైకి లేచింది. ఆ అంచు కింద మా నాయన వీపు ఉంది. ఆయన వంగి, అడుగున రాళ్ళ మీద కాళ్ళు తన్నిపెట్టి, పడవను వీపు మీదికి ఎత్తుకుని, తల నీళ్ళ పైకి చాచాడు. ఆ సందులో నారింజరంగు కనబడింది. దాని పక్కన రెండు చిన్న చేతులు నీళ్ళను కొడుతున్నాయి.

నేను ఎలా అరిచానో నాకు తెలియదు. దేవరాజ్ పడవను ఒడ్డు రాళ్ళలోకి గుద్ది, దూకి, రాళ్ళ మీద పరుగెత్తి పైకి పోయాడు. నేను వెనకే పడుతూ లేస్తూ పోయాను. దగ్గరికి వెళ్ళేసరికి నాయన మాట వినబడింది. గంట నుంచీ అదే అంటున్నట్టు, గొంతు చీలిపోయి ఉంది.

"కట్టినా! నేనే కట్టినా! కొయ్యండప్పా! కొయ్యండి!"

దేవరాజ్‌కు ముందు అర్థం కాలేదు. పాపను పట్టి లాగాడు. పాప రాలేదు. జాకెట్టు వెనక ఉండే పట్టీ నుంచి పడవ అడ్డపట్టెకు తాడు కట్టి ఉంది. మా నాయన ముడి. బేలుకు వేసే ముడి. దేవరాజ్ కత్తి లాగి ఒక్క కోత కోశాడు. నా బిడ్డ నా చేతుల్లోకి వచ్చింది.

అంతా ఎంతసేపో నాకు తెలియదు. దేవరాజ్ నాలుగు నిమిషాలంటాడు. మోహన్ రెండే అంటాడు. నాయనను అడగలేదు. తలకిందులైన పడవలో కొంచెం గాలి నిలిచిందనీ, అది అయిపోయేలోపల నాయన పడవ ఎత్తాడనీ దేవరాజ్ తర్వాత చెప్పాడు. పాప పెదవులు నీలంగా ఉన్నాయి. ఇసుక మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాం. నీళ్ళు కక్కింది, దగ్గింది, మళ్ళీ కక్కింది, గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక మోహన్ ఇసుకలో కూలబడి తనూ ఏడ్చాడు.

నాయన చివర వచ్చాడు. దేవరాజ్ ఆయన చెయ్యి పట్టుకుని ఒడ్డుకు చేర్చాడు. ట్రాక్ ప్యాంటు మోకాళ్ళ దగ్గర చినిగి, నీళ్ళు కారుతూ నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఎందుకు కట్టినావు?" అన్నాను.

"కట్టనిదంతా పోతాదని ఆ అబ్బి చెప్పినాడు కదమ్మా," అన్నాడు. "బియ్యం కట్టినా, గిన్నెలు కట్టినా. పాపను ఎట్ల వదిలిపెట్టేది?"

అప్పుడు కొట్టాను.

ఆయన తల పక్కకు తిరిగింది. చెయ్యి అడ్డం పెట్టలేదు. తిరిగిన తలను మళ్ళీ నా వైపు తిప్పి, ఇంకో దెబ్బ కోసం నిలబడినట్టు నిలబడ్డాడు. పాప ఏడుపు ఆపేసి నన్ను చూసింది. నా అరచేతికి రక్తం అంటింది. నా దెబ్బకే వచ్చిందనుకున్నాను. నేను అంత గట్టిగా కొట్టానా అని చేతిని చూసుకున్నాను.

"మేడం, మీ దెబ్బకు కాదు," అన్నాడు దేవరాజ్ మెల్లగా. "అప్ప నోరు చూడండి."

నాయన కింది పళ్ళలో ఒకటి లేదు. పక్కది వేలాడుతోంది. అప్పుడు ఆయన చేతులు చూశాను. కుడిచేతి రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. మేం కిందికి చూస్తూ వెతుకుతున్నంతసేపూ ఆయన నీళ్ళలో తల ముంచి ఆ ముడిని విప్పడానికి చూశాడు. వేళ్ళకు ఊడకపోతే పళ్ళతో కొరికాడు. అదీ కాకపోతే పడవను ఎత్తాడు. తాను వేసిన ముడిని విప్పడానికి చూడటం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి. ఆయన నడుముకు కత్తి లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు.

మోహన్ తల ఎత్తాడు. "చైత్రా," అన్నాడు. "పొద్దున పాప చెప్పింది. సీటుబెల్టు అని. నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. నేను దాని వెనకనే కూచున్నాను. తువ్వాలు తీసి చూడలేదు."

పాపను పట్టుకుని అలాగే కూచుండిపోయాను. వెరీ గుడ్ అని అరిచి తెడ్డు ఊపిన చెయ్యి, నాయనను కొట్టిన చెయ్యి, రెండూ ఒకటే. కుడిచెయ్యి. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

దేవరాజ్ ఒక్కడే మా అందరిలో పని ఎరిగిన మనిషి. పాపకు తడిబట్టలు విప్పించి పొడి చొక్కా తొడిగించాడు. నాయన వేళ్ళకు గుడ్డ చుట్టాడు. రాయి దగ్గర చిక్కుకున్న పడవను మోహన్, అతను కలిసి కదిలించి, సామాను తాళ్ళు కోసి పారేసి, తేలగొట్టి తెచ్చారు. అంచు ఒక చోట వంగింది తప్ప పడవకేం కాలేదు.

"ఈడ ఉండేదానికి కాదు," అన్నాడు. "పాపను డాక్టరుకు చూపించాల. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయింటాయి. కింద నాలుగు కిలోమీటర్లు పోతే ఫారెస్టు వాళ్ళ క్యాంపు ఉండాది. వాళ్ళ దగ్గర వైర్‌లెస్ ఉండాది, జీపు ఉండాది."

"నడిచి పోదాం," అన్నాను. పడవ వైపు వీపు తిప్పి నిలబడ్డాను.

"ఏనుగులు మేడం. ఈ యాళప్పుడు నీళ్ళకు వస్తాయి. నడిచేదానికి లేదు. పడవే."

ఎవరు ఎక్కడ కూచోవాలో అతనే చెప్పాడు. వంగిన పడవ మోహన్ ఒక్కడే తెస్తాడు. మంచి పడవలో వెనక దేవరాజ్. ముందు తెడ్డు వేసేదానికి ఒకరు కావాలి, ఆ వేళ్ళతో నాయన వెయ్యలేడు, కాబట్టి నేను. మధ్యలో పాపను ఒకరు ఒళ్ళో పట్టుకోవాలి.

మిగిలింది ఒక్కరే.

నాయనకు ఆ లెక్క నాకంటే ముందే అర్థమైంది. ఒకడుగు వెనక్కి వేశాడు. "నేను రాను," అన్నాడు. "నా చేతికి ఇయ్యొద్దండప్పా. మీరు పొండి. నేను ఈ రాయి మింద కూచుంటా. రేపొచ్చి తీసుకపో దేవరాజూ."

"ఏనుగులు ఉండాయప్పా!"

"ఉండనీ."

అంత మామూలుగా అన్నాడు ఆ మాట. అంగట్లో, ఈ బేలు రేపటి లారీకి పోనీ అన్నట్టు. నాయన నిజంగానే అక్కడ ఉండిపోతాడని నాకు అర్థమైంది. ఆయన నా వైపు చూడటం లేదు. గుడ్డలు చుట్టిన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు, పాపకు కనబడకుండా.

నిజం చెప్పాలంటే నాకూ ఇవ్వాలని లేదు. పాపను కట్టింది ఆయన. పడవ ఎత్తి బతికించింది ఆయన. ఆ రెంటినీ విడదీసి, ఒకదానికి కొట్టి ఒకదానికి దణ్ణం పెట్టడం నాకు చేతకాలేదు. ఆ ఇసుక మీద నిలబడి, నా బిడ్డను ఈ మనిషి చేతుల్లో పెట్టగలనా అని నన్ను నేను అడిగాను. పొద్దు వాలుతోంది. పాప ఊపిరి గురగురమంటోంది.

నేను వెళ్ళి నాయన రెక్క పట్టుకున్నాను. కొట్టిన చేత్తోనే. పడవ దగ్గరికి తీసుకొచ్చి మధ్యలో కూచోబెట్టాను. ఆయన చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. చాందినిని ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టాను. పాప తాత వైపు తిరిగి, ఆయన నోటి చివర రక్తాన్ని చూసి, తన చొక్కా చేతితో తుడిచింది. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"పట్టుకో నాయనా," అన్నాను.

ఆయన చేతులు ముందుకు వచ్చాయి, పాపకు తగలకుండా గాల్లో ఆగాయి.

"నేను మళ్ళా ఏమన్నా తప్పు చేస్తే?" అన్నాడు. చిన్నపిల్లాడి గొంతుతో.

"ఏం చెయ్యవు. గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాడు. నేను ముందుకు వెళ్ళి, వాళ్ళకు వీపు పెట్టి కూచుని, తెడ్డు అందుకున్నాను. క్యాంపు వచ్చేదాకా గంటన్నర పట్టింది. మధ్యలో రెండు చోట్ల నీళ్ళు ఉరికాయి, పడవ ఊగింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.